సెకన్ల ముల్లు లేనిది

రోహిణి కార్తె. కావలి స్టేషన్లో బెంచీ కాలుతా ఉండాది.
బళ్లు తెరిచే ముందు వారం,
అంగట్లో నలభై జతల యూనిఫారాలు గుండీల్లేకుండా వేలాడతా ఉంటే
షట్టరు సగానికి దించి
నెల్లూరు బండెక్కా.
నీకు మాత్రం జిప్పులు తేవాలని చెప్పా.

జేబులో దారం ముక్క.
మొన్న నైట్ డ్యూటీ దిగొచ్చి
మంచం మీంచి చెయ్యి వేలాడేసుకుని నువ్వు నిద్రపోతుంటే
మణికట్టు చుట్టూ పోనిచ్చి ముడేసి తెంపుకున్నది.
ముప్పై ఏళ్లుగా నీ తెల్లకోట్లు కుట్టేది నేనే.
భుజం తెలుసు, మెడ తెలుసు,
తల్లివయ్యాక వదులుచేసిన నడుం కుట్టు తెలుసు.
ఈ కొలత ఒక్కటే ఎప్పుడూ తీసుకోలా,
నర్సు చేతులు మోచేతికి పైనే ఆగిపోతాయి గదా.
కృపామణీ,
నీ పేరులో సగం పెట్టుకున్న చోటది,
నా చూపే ఆనలా.

ట్రంకు రోడ్డు మీద కరీముల్లా గారి కొట్టు.
అద్దం కింద పప్పుచెక్కలంత వాచీలు,
పొట్టలో మూడేసి గడియారాలు మోసేవి,
సముద్రంలో వంద మీటర్లు దిగినా ఆగనివి.
నువ్వు దిగేది ప్రసూతి వార్డు మెట్లు.
పల్చటిది చూపించమన్నా.
మఖమలు గుడ్డ మీద ఒకదాన్ని పడుకోబెట్టాడు.
"ఆరు మిల్లీమీటర్లు."
నాకు మిల్లీమీటర్లతో పనేంది,
రెండు కోటు గుండీలు ఒకదానిపై ఒకటి పెట్టినంత.
తెల్లటి ముఖం, అంకెల్లేవు.
నల్ల తోలు పట్టీ. లోపలి కుట్టు వేలితో తడిమి చూశా:
అంగుళానికి పద్నాలుగు, ఎక్కడా తప్పలా.

"ఒకటి చెప్పాలి," అన్నాడాయన,
"దీనికి సెకన్ల ముల్లుండదు. తేదీ ఉండదు.
ఇంత పల్చన కావాలంటే కొన్ని వదులుకోవాల."

అక్కడ ఆగిపోయా.
నీ ఉద్యోగమంతా ఆ మూడో ముల్లే గదా.
నాడి మీద రెండు వేళ్లు, కళ్లు ముల్లు మీద.
బిడ్డ కేరుమనగానే ముందు వాచీ వంక చూసి
ఆ తర్వాతే బిడ్డ వంక చూసేదానివి.
వరండాలో పంచాంగం పట్టుకున్న తాతలు,
"సిస్టరమ్మా, నిమిషం తేడా వస్తే నక్షత్రం మారిపోద్ది!"
ఊళ్లో సగం జాతకాలకు మొదటి అంకె నీ చేతిరాతే.

నీ వేళ మాత్రం ఎవరూ రాసుకోలా.
మీ అమ్మనడిగితే, "గేదె ఈనిన రాత్రి, ఒకటే వాన" అనేది.
ఏ గేదె, ఏ వాన, ఆమెకీ తెలీదు.
అల్లూరు బళ్లో అయ్యవారు
నీ కుడిచెయ్యి తలమీదుగా వేసి ఎడమచెవి పట్టుకోమన్నాడంట.
అందింది.
అయితే ఐదేళ్లు. రాయండి, జూన్ ఒకటి.
ఆ చెయ్యి అందబట్టి నీకొక పుట్టినరోజు.
అరవై అంటే అరవయ్యేనా,
ఇంకో గేదె ఎక్కువో తక్కువో.

"ఇదే ఇవ్వండి," అన్నా.
దారం పక్కన పట్టీ పరిస్తే మూడో బెజ్జం.
ఎనిమిది వేల ఆరొందలు.
చొక్కాకి నూటయాభై చొప్పున ఎన్ని చొక్కాలో
లెక్కెయ్యకూడదనుకుంటానే లెక్కేశా.
జిప్పులు మర్చిపోయా.

ఒకటో తారీఖు పొద్దున
కుడిచేతికి పెట్టుకున్నావు.
ఎడమచేతికి పాత స్టీలుది అట్టనే ఉండాది, డ్యూటీకి.
"ఇదేంది, రెండే ముళ్లు?"
చెయ్యెత్తి చెవికానించుకున్నావు. ఏం వినపడలా.
అలవాటున నా మణికట్టు దొరకబుచ్చుకుని
ఆ కొత్త ముఖంలోకి చూస్తా కూర్చున్నావు.

"ఎంతుండాది?" అన్నా.

"దీంట్లో తెలీదు."

వేళ్లు మాత్రం తియ్యలా.
వీధిలో ఎవరో షట్టరు బాదతా ఉన్నారు,
రేపట్నించే బళ్లంట,
బాదనీ.